ఎవరూ నొక్కని బటన్

తొంభైల చివర్లో నేను నారాయణగూడలో, మందుల షాపు మీద ఉన్న ఒక చిన్న ఆఫీసులో ప్రోగ్రాములు రాసేదాన్ని. చిక్కడపల్లిలో పెళ్ళి సంబంధాలు కుదిర్చే ఒక రిటైర్డ్ టీచరమ్మ, తన దగ్గరున్న వివరాలన్నీ కంప్యూటర్లో ఎక్కించమని మా దగ్గరికి వచ్చింది. ఆ పని నా నెత్తిన పడింది.

ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని ఎంచుకుంటే తెర మధ్యలో చిన్న పెట్టె తెరుచుకుని, ఈ సంబంధం ఇష్టమేనా అని అడుగుతుంది. కింద రెండు బటన్లు: యెస్, నో. ముచ్చటపడి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"నో అని ఎవరంటరు బిడ్డా? ఇన్ని సంబంధాలు చూసిన, ఒక్కరు గూడ మొఖం మీద వద్దనలే."

"మరేమంటారు టీచర్?"

"కబురు చేస్తం అంటరు."

రెడీమేడ్‌గా దొరికే మూడో బటన్ ఉంది కదా అని క్యాన్సిల్ పెట్టి తీసుకెళ్ళాను. ఆవిడ కుర్చీలోంచి లేచినంత పని చేసింది. "శుభమా అని లగ్గం మాట్లాడుతుంటే క్యాన్సిలేంది? తీసెయ్ తీసెయ్!"

ఆ రెడీమేడ్ పెట్టెలో మన మాటలు పెట్టుకునే వీల్లేదు. దాన్ని పీకేసి సొంతంగా ఒకటి తయారుచేసి, యెస్, నోలతో పాటు 'కబురు చేస్తాం' అనే బటన్ పెట్టాను. దాంతో ఆవిడ రుచి మరిగింది. జాతకాలు కలవలేదు, బావగారు ఊళ్ళో లేరు, పిల్ల ఇంకా చదువుతానంటోంది, శ్రావణం దాటనివ్వండి... వారానికో బటన్ అడిగేది. చిన్న పెట్టె కాస్తా తెరంతా పరుచుకుంది. అన్నిటి అర్థమూ ఒకటే. వద్దు అనే ఒక్క మాట నోట రాకుండా మనవాళ్ళు ఎన్ని తిప్పలు పడతారో అని ఆఫీసులో అందరికీ చెప్పి నవ్వాను. నాకు తగిన శాస్తే జరిగింది.

మా అమ్మ నా ఫోటో కూడా ఆ టీచరమ్మకే ఇచ్చింది. అశోక్‌నగర్ సంబంధం ఒకటి వచ్చింది. బ్యాంకు ఉద్యోగం. చూపులకు మా బర్కత్‌పుర ఇంటికి వచ్చిన ఆ అబ్బాయి, మిర్చి బజ్జీ కొరుకుతూ, "పెండ్లయినంక ఈ కంప్యూటర్లవీ ఎందుకు? టైంపాస్‌కే కద" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఏం చేశాను? మంచినీళ్ళు ఇచ్చాను.

వాళ్ళు వెళ్ళాక అమ్మ అడిగితే, "మీ ఇష్టం" అన్నాను. "మాదేముంది, నీ ఇష్టం" అన్నాడు నాయిన. పది రోజులు ముగ్గురం అదే మాట ఒకరి మీదికి ఒకరం తోసుకున్నాం. పదకొండో రోజు పొద్దున నాయిన, "ఇగ నాన్చుడెందుకు? రేపు పోయి టీచరమ్మకు మాట ఇచ్చొస్త" అన్నాడు. ఈ ఉద్యోగం అంటే నాకు ప్రాణం.

మధ్యాహ్నం చిక్కడపల్లి వెళ్ళాను. ఆవిడ వెనక నిలబడి చూస్తుండగానే ఆ అబ్బాయివీ నావీ వివరాలు తెరిచి, నో నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను. అప్పుడు గుర్తొచ్చింది. ఎలాగూ ఎవరూ నొక్కరు కదా అని, దాని వెనక నేను ప్రోగ్రాం ఒక్క లైను కూడా రాయలేదు.

"ఏమాయె బిడ్డా, పని చేస్తలేదా?"

"నాకు ఈ సంబంధం వద్దు టీచర్!"

సంబంధాల కోసం వచ్చి బెంచీ మీద కూర్చున్నవాళ్ళు తలెత్తి చూసేంత గట్టిగా అరిచాను. ఆవిడ ఫోన్ నా ముందుకు జరిపింది.

"నాకు గాదు, మీ అమ్మకు చెప్పు."

చెప్పాను, కారణంతో సహా. అవతల అమ్మ తిట్టడానికి ఊపిరి తీసుకుంటోందనుకున్నాను.

"గీ ముక్క మొదలే చెప్తే ఏం పోతుండె?" అంది అమ్మ. "నాకూ మీ నాయినకూ గా పిల్లగాడు ఆ రోజే నచ్చలే. నీకు నచ్చిండేమోనని నోరు మూసుకొని కూసున్నం."