కాంచిల్ వేటకి తోడు

సింగపూర్‌లో, బుకిట్ పంజాంగ్‌లో మా బ్లాకులోనే, మా ఫ్లాటుకి రెండంతస్తుల కింద ఒక మిత్రుడు ఉండేవాడు. మలేషియాలో ఒక రబ్బరు ఎస్టేట్‌లో, తెలుగు కుటుంబంలో పుట్టాడు. పని కోసం ఇటు వచ్చి, ఫ్లాటు కొనుక్కుని, తల్లిని కూడా తెచ్చుకున్నాడు. నెలకొక శనివారం పొద్దున్నే వేటకని సరిహద్దు అవతల, మలేషియా జొహోర్‌కి వెళ్ళేవాడు. కాంచిల్ కోసం అనేవాడు. పిల్లి అంత సైజులో, పుల్లల్లాంటి కాళ్ళతో ఉండే చిట్టి జింక అది.

ఒక సాయంత్రం అతని భార్య లిఫ్టు దగ్గర నన్ను ఆపింది. మా కాకినాడ వైపు అమ్మాయి.

"అన్నయ్యా, ఏడాదిగా వేటంటూ వెళ్తున్నారు. ఒక్కసారి కూడా బట్టలకి నెత్తురు మరక లేదు. ఏమీ దొరకలేదని విసుక్కోవడమూ లేదు. అక్కడ ఇంకెవరో ఉన్నారని నా అనుమానం. మీరొకసారి వెంట వెళ్ళి చూడండి."

ఇలాంటి పని నాకు నచ్చదు. కాని ఆమె మాట బుర్రలో దూరాక ఊరుకోలేకపోయాను. నన్నూ తీసుకెళ్ళమని అడిగితే అతను తప్పించుకోజూశాడు.

"జలగలుంటాయి, నీకెందుకు లా" అన్నాడు సింగపూర్ యాసలో.

నేను వదల్లేదు. చివరికి ఒప్పుకున్నాడు గాని, "అక్కడ చూసింది ఇంట్లో చెప్పకూడదు" అని మాట తీసుకున్నాడు. దాంతో నా అనుమానం ఇంకా గట్టిపడింది.

శనివారం వుడ్‌లాండ్స్ దగ్గర సరిహద్దు దాటగానే ఒక సూపర్‌మార్కెట్ దగ్గర కారు ఆపాడు. మైలో డబ్బా, తలనూనె, ఆడవాళ్ళు కట్టుకునే బాతిక్ సారోంగులు కొన్నాడు.

"ఎవరికివి?"

"తెలిసినవాళ్ళకి."

"మరి తుపాకీ?"

"అక్కడుంది."

ఆ తర్వాత దారంతా ఆయిల్‌పామ్ తోటలే. ఇక మేం వెళ్ళే ఇంట్లో తలుపు తీసేది ఎవరా అని నేను మనసులో రకరకాలుగా ఊహించుకుంటూ కూర్చున్నాను.

రబ్బరు తోట పక్కన ఒక ఇంటి ముందు ఆగాం. తలుపు తీసింది ఒక ముసలమ్మ. వెనక ఆమె భర్త. నా మిత్రుణ్ణి చూడగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. ఇతను కూర్చునేదాకా కూర్చోలేదు.

"వచ్చినావా అయ్యా? తిన్నావా, మకాన్ అయిందా?" అంది ముసలమ్మ. సారోంగులు అందుకుని కళ్ళు ఒత్తుకుంది.

ముసలాయన లోపల్నించి గుడ్డలో చుట్టిన తుపాకీ తెచ్చాడు. తోటలో అడవిపందుల్ని తరమడానికి ఆయన పేరున లైసెన్సు ఉందట. దాన్ని ఇతని చేతిలో పెట్టాడు. ఇతను భుజాన వేసుకుని, "పద మామా" అన్నాడు. ఆయన కర్ర పట్టుకుని ముందు నడిచాడు.

నేను చెప్పులు మార్చుకుంటుంటే ముసలమ్మ దగ్గరికొచ్చింది.

"నువ్వూ తొందరగా పో అయ్యా. వాళ్ళిద్దర్నీ ఒంటిగా పంపాలంటే ఇప్పటికీ భయమే నాకు."

"ఎందుకమ్మా?"

"ఆ అబ్బాయి నాయన పోయింది మా ఆయన చేతిలోనే గదా. ఇద్దరూ వేటకి పోయినారు. పొద కదిలితే జింక అనుకుని కాల్చినాడు."

ఇంకేమీ అడక్కుండా పరుగెత్తాను. ఆడమనిషి గురించిన అనుమానం పోయి, అంతకంటే ఘోరమైనది పట్టుకుంది. రబ్బరు చెట్ల మధ్య సన్నటి బాట. ముందు ముసలాయన, వెనక తుపాకీతో నా మిత్రుడు. అతని వీపు చూస్తూ నడిచాను. వీపుని చూసి ఏం తెలుస్తుంది?

వాగు దగ్గర అతను ఆగాడు. అవతల ఆకుల్లో గోధుమరంగుది ఏదో మెదిలింది. కాంచిల్. అతను తుపాకీ ఎత్తాడు. నేను నిలబడ్డ చోటినుంచి చూస్తే గొట్టానికి ఎదురుగా ముసలాయన తల ఉంది.

"వద్దు!" అని అరిచాను.

జింక మాయమైంది. అతను వెనక్కి తిరిగి నా మొహం చూశాడు, నా భయం అతనికి అర్థమైంది. తుపాకీ మడిచి చూపించాడు. లోపల ఖాళీ.

"నేనెప్పుడూ తూటా పెట్టను. నాన్న పోయేనాటికి నాకు నడక కూడా రాదు. అమ్మని అడిగితే ఏడుస్తుంది. ఆయనతో తిరిగినవాడు ఈయనొక్కడే. ఇంట్లో ఉంటే నోరు విప్పడు. తుపాకీతో ఈ బాట పట్టి నడిస్తేనే ఈయనకి మాటలొస్తాయి."

ముసలాయన అప్పటికే ఒక బండమీద కూర్చున్నాడు. "మీ నాయన ఈడనే కూసోని పాట ఎత్తుకునేవాడు" అన్నాడు, మామూలుగా. "జింక పారిపోతాదిరా అంటే, పోనీలే, దానికీ నచ్చిందేమో చూద్దాం అనేవాడు."

నా మిత్రుడు పగలబడి నవ్వాడు. ఆ నవ్వులో ఎక్కడైనా కోపం ఉందేమోనని నేనింకా వెతుకుతూనే ఉన్నాను.

మర్నాడు తిరిగొస్తూ, సరిహద్దు దగ్గర కార్ల వరసలో ఆగినప్పుడు, నన్ను పంపింది అతని భార్యేనని చెప్పేశాను. అతను కారుని కాస్త ముందుకు పోనిచ్చి అన్నాడు.

"తనకి చెబితే మొహంలో దాచుకోలేదు. అమ్మ కనిపెట్టేస్తుంది. ఆ ఇంటి పేరెత్తితేనే అమ్మ అన్నం మానేస్తుంది."

ఆమెతో నేను ఒకటే చెప్పాను. "వేరే ఎవరూ లేరమ్మా. మిగతాది ఆయన్నే అడుగు."

"అయితే మీరూ ఆయన పక్షమేనన్నమాట" అంది. కొన్ని వారాలు నన్ను చూసి కూడా చూడనట్టే వెళ్ళిపోయింది.

తర్వాత అతనే ఆమెకి అంతా చెప్పాడు. ఆమె కూడా ఒకసారి వెళ్ళొచ్చింది. అత్తగారికి మాత్రం షాపింగ్ అని చెప్పారు. వచ్చాక మా ఇంటికొచ్చి కూర్చుంది. కాఫీ ఇస్తే తాగకుండా చేతిలోనే పట్టుకుంది.

"మీతో తూటా ఎప్పుడూ పెట్టలేదన్నారా అన్నయ్యా? మొదటిసారి పెట్టుకునే వెళ్ళారట. నాకు ఒప్పుకున్నారు. ఆ వాగు దాకా వెళ్ళి, ఆ పాట సంగతి విన్నాక తీసి నీళ్ళల్లో పారేశారట."

"ముసలాయనకి తెలుసా?"

"తెలుసట. తూటా పెడుతుంటే చూశాడట. అయినా తనే ముందు నడిచాడట, వెనక్కి తిరిగి చూడకుండా."