పదకొండణాల పెద్దరికం

ఇప్పుడు పన్ను తప్పించుకోవడానికి జనం పడే పాట్లు చూస్తే నాకు నవ్వొస్తుంది గానీ, యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో మా గురజాలలో ఇన్‌కంటాక్స్ కట్టడమంటే ఏనుగెక్కినంత గొప్ప. కట్టేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో మా హైస్కూలు హెడ్మాస్టరుగారొకరు. ఆయనకు సెంటు భూమి లేదు, సొంతిల్లు లేదు. అద్దె ఇంటి గుమ్మం పక్కన మాత్రం నల్లటి చెక్కబోర్డు ఒకటుండేది. దాని మీద పేరు, పేరు కింద బి.ఏ., ఎల్.టి., ఆ కింద పేరుకన్నా పెద్ద అక్షరాలతో "ఇన్‌కంటాక్స్ పేయర్". (మా ఊళ్ళో సగంమంది పిల్లలు ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం ఆ బోర్డు మీదే నేర్చారు.) కలెక్టరుగారు క్యాంపుకొస్తే తాలూకాఫీసు ముందు కుర్చీలు వేసేవాళ్ళు. పెద్ద రైతులకు, మునసబు కరణాలకు, ఈ పన్ను కట్టేవాళ్ళకు లిస్టు ప్రకారం కుర్చీ. మిగతా ఊరంతా నిలబడాల్సిందే. భూమి లేని మనిషికి ఆ కుర్చీ ఇప్పించింది బోర్డు మీది ఆ ఒక్క లైనే. ఆ సంగతి నాకిప్పుడు తెలిసినంత బాగా అప్పుడు తెలియదు.

నేనప్పుడా స్కూల్లో కొత్తగా చేరిన గుమాస్తాను. వయసు ఇరవై, ఉద్యోగం టెంపరరీ, తెలివి మాత్రం పర్మనెంటని నా నమ్మకం. నరసరావుపేటలో టైపు నేర్చుకొచ్చినవాణ్ణి గదా, ఆఫీసు బీరువాలో ఎలుకలు వదిలిపెట్టిన కాగితాలన్నీ దులిపి చదివేవాణ్ణి. అలా చదువుతుంటే ఒక సర్క్యులరు దొరికింది. మా పంతుళ్ళకు పెన్షను లేదు, ప్రావిడెంటు ఫండే దిక్కు. జీతంలో రూపాయికి అణా తప్పనిసరిగా ఫండుకు పోతుంది. ఇష్టమున్నవాళ్ళు ఇంకో అణా కూడా కట్టుకోవచ్చు. హెడ్మాస్టరుగారు ఆ రెండో అణా కడుతున్నారు. (ఇష్టం ఆయనది కాదు, ఆయన భార్యది. ఆవిణ్ణి మేమంతా అమ్మగారనేవాళ్ళం.) ఫండుకు కట్టే సొమ్ము మీద, ఆ రెండో అణా మీద కూడా, పన్ను మినహాయింపు అడగవచ్చని ఆ సర్క్యులరులో ఉంది. ఆయన ఏనాడూ అడగలేదు! ఏటా ఏడెనిమిది రూపాయలు ఊరికే పోతున్నాయి! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ పని చేసిపెడితే నా ఉద్యోగం పర్మనెంటు కాక ఏమవుతుందని తెల్లారేదాకా లెక్కలు వేశాను.

ఆయనకు ముందే చెప్పొచ్చు కదా అని మీరడగవచ్చు. చెబితే ఆశ్చర్యం ఎక్కడుంటుంది? హెడ్మాస్టరుగారు సంతకాలు పెట్టేటప్పుడు కాగితం వైపు చూసేవారు కాదు. చూపంతా కిటికీలోంచి ఆలస్యంగా వచ్చే పంతుళ్ళ మీదే. హాజరు పట్టీలకూ సుద్దముక్కల ఇండెంటుకూ మధ్య నా అర్జీ పెట్టాను. డ్రిల్లు మాస్టారు గోడపక్కగా నక్కి రావడం చూస్తూ ఆయన దాని మీద నిండుగా సంతకం చేశారు. రెండు నెలలకు జవాబొచ్చింది: మీ అర్జీ మంజూరైంది, పట్టుకున్న పన్ను తిరిగి ఇస్తున్నాం, మినహాయింపులన్నీ పోగా మీరు కట్టవలసింది పదకొండణాలు, అంత చిన్న మొత్తం వసూలు చెయ్యం కాబట్టి మీరు ఏమీ కట్టనక్కర్లేదు.

నేనా కాగితాన్ని ముందు కాఫీ హోటల్లో నలుగురికి చదివి వినిపించి, తర్వాత హెడ్మాస్టరుగారి బల్ల మీద పెట్టాను. (ఈ వరస తిరగేసి ఉంటే నా బతుకు కొంచెం సుఖంగా ఉండేది.) ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మూడుసార్లు చదివారు.

"ఏందయ్యా ఇది?"

"మినహాయింపు సార్. మొత్తం పన్ను పోయింది సార్."

"పోయిందా? నేను పొమ్మన్నానా? నన్నడిగావా?"

మెచ్చుకోలు కోసం ముందుకు వంచిన మెడ అలాగే ఉండిపోయింది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. బోర్డులు రాసే రంగుల సాయిబు బ్రష్షు, డబ్బా పట్టుకుని నేరుగా ఆయన ఇంటికే వచ్చేశాడు. "పంతులుగారూ, ఆ కింది లైను కొట్టేయమంటారా? చానా పెద్దచ్చరాలు, రంగెక్కువ పడుద్ది" అన్నాడు. పాపం, అతను ఎగతాళికి అనలేదు, పని అడిగాడంతే. హెడ్మాస్టరుగారు తలుపేసుకున్నారు. కలెక్టరుగారి క్యాంపుకు ఇంకా రెండు వారాలే గడువుంది.

నాలుగో రోజు ఇన్‌కంటాక్స్ ఆఫీసరుగారు నరసరావుపేట ట్రావెలర్స్ బంగళాలో దిగారని తెలిసి, హెడ్మాస్టరుగారు నన్ను వెంటబెట్టుకుని బొగ్గు బస్సెక్కారు. యుద్ధం వల్ల పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. నడిచేవంటే మేం నెట్టినంతసేపు నడిచేవి. పిడుగురాళ్ళ దాటేసరికి ఇద్దరి పంచెలూ బొగ్గురంగుకు తిరిగాయి. దారి పొడుగునా ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నెట్టేటప్పుడు మాత్రం "గట్టిగా" అన్నారు.

బంగళా వరండా నిండా వ్యాపారులు. అందరూ పన్ను తగ్గించమని చేతులు నలుపుకుంటున్నారు. మా వంతు వచ్చింది.

"అయ్యా, నాకు పన్ను తీసేశారు. మళ్ళీ వెయ్యండి" అన్నారు హెడ్మాస్టరుగారు.

ఆఫీసరుగారు కలం కింద పెట్టారు. "తీసేశామా? అదేగా మాస్టారూ మీరు అడిగింది? సంతకం మీదేగా?"

"సంతకం నాదే. బుద్ధి వీడిది. పోనీ, ఆ పదకొండణాలైనా కట్టించుకోండి. చిల్లర కూడా తెచ్చాను." కండువా కొంగు ముడి విప్పి అణాలు బల్ల మీద పెట్టారు. వరండాలో వ్యాపారులంతా మెడలు చాచి చూశారు.

"రూల్సు ఒప్పుకోవండీ" అన్నారు ఆఫీసరుగారు, నవ్వు ఆపుకుంటూ. "ఇన్నేళ్ళ సర్వీసులో పన్ను వెయ్యమని వచ్చింది మీరొక్కరే. ఆ రెండో అణా మానేస్తే వచ్చే ఏడు కొంత పడుతుంది. కానీ మానకండి మాస్టారూ, పెన్షను లేని ఉద్యోగం."

ఆయన మానేయడానికే నిశ్చయించుకున్నారు. ఇంటికి రాగానే వసారాలో కూర్చుని, రెండో అణా పట్టుకోవద్దని నాచేత ఉత్తరం రాయించడం మొదలుపెట్టారు. అమ్మగారు లోపల్నుంచి వచ్చి, రెండు వాక్యాలు విని, నా చేతిలోంచి కాగితం లాక్కున్నారు.

"ఏందండీ ఇది? రేపు మీ ఉద్యోగం అయిపోయాక ఆ కుర్చీని పొయ్యిలో పెట్టుకుని వంట చెయ్యమంటారా?"

"నీకు తెలీదులేవే. నలుగురూ కూర్చుంటే నేను నిలబడాలి. పదిహేడేళ్ళు కూర్చున్నా ఆడ."

అప్పటిదాకా నాకు ఉద్యోగం దిగులే. ఆ క్షణాన మొదటిసారి ఆయన దిగులు అర్థమైంది. తల దించుకుని కూర్చున్నాను. అమ్మగారు కూడా కొంచెం మెత్తబడ్డారు, కానీ కాగితం మాత్రం నాలుగు ముక్కలు చేశారు. "కుర్చీయేగా కావాల్సింది? మనదే తీసుకుపొండి. మన కుర్చీ మీద కూర్చోవడానికి ఎవురి లిస్టూ అక్కర్లా. ఈ తెలివిగల బాబు మోసుకొస్తాడు" అన్నారు.

తెలివిగల బాబు మోసుకెళ్ళాడు. టేకు కుర్చీ, చేతులున్నది, నెత్తిన పెట్టుకుంటే మెడ లోపలికి దిగిపోయింది. తాలూకాఫీసు బంట్రోతు అడ్డం వచ్చి, లిస్టులో లేని కుర్చీ ముందు వరసలో కుదరదన్నాడు. చివరికి చింతచెట్టు పక్కగా, అందరికీ దూరంగా వేశాను. హెడ్మాస్టరుగారు కోటు గుండీలన్నీ పెట్టుకుని అందులో నిటారుగా కూర్చున్నారు. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తుంటే నా చెవులు కాలిపోయాయి. కలెక్టరుగారు వచ్చి నాలుగు మాటలు మాట్లాడారో లేదో, వాన దబదబా పడింది. మా పలనాటి వానకు ముందుగా చెప్పి వచ్చే మర్యాద లేదు. కలెక్టరుగారు కారులోకి, పెద్దమనుషులు ఆఫీసు చూరు కిందికి, లిస్టు ప్రకారం కాకుండా ఎవరి కాళ్ళకు ఎంత బలముంటే అంత పరుగెత్తారు. సర్కారు కుర్చీలు అన్నీ బురదలో తిరగబడ్డాయి.

మేం మా కుర్చీని వదల్లేం గదా! నేను దాన్ని ఎత్తి నెత్తిన పెట్టుకున్నాను. హెడ్మాస్టరుగారు ఒంగి దాని కిందికి దూరారు. ఇద్దరం ఒకరి భుజం ఒకరు పట్టుకుని మెయిన్ రోడ్డు మీద నడిచాం. సగం దూరం వెళ్ళాక ఆయన పొట్ట కదలడం తెలిసింది. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. నవ్వుతున్నారు.

"ఏమయ్యా, సర్కారు కుర్చీలున్నోళ్ళంతా తడిసిపోయారే!" అన్నారు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

మర్నాడు నా ఉద్యోగం పర్మనెంటు చెయ్యమనే సిఫారసు బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా రెండుసార్లు చదివి మరీ సంతకం పెట్టారు. రంగుల సాయిబు వచ్చి ఆ లైను మీద నల్లరంగు పూశాడు. "యుద్ధం రోజుల కల్తీ రంగు పంతులుగారూ, నిలవదు" అని ముందే చెప్పాడు. నిజంగానే ముసురు పట్టిన రోజున ఆ అక్షరాలు లీలగా పైకి తేలేవి. రిటైరయ్యాక రెండో అణాతో ఆయన నాపరాళ్ళ గచ్చుతో రెండు గదుల ఇల్లు కట్టుకుని, ఆ బోర్డునే అక్కడా తగిలించారు. వానాకాలంలో వెళితే నాకు వేలు పెట్టి చూపించేవారు. "చూడవయ్యా, నువ్వు తీయించినా అది పోలా" అని మురిసిపోయేవారు.

నేనూ తర్వాత పెద్ద ఉద్యోగాలే చేశాను, బోలెడంత పన్ను కట్టాను, కట్టిన ప్రతిసారీ సణిగాను. రిటైరైన మరుసటి ఏడు, నేను కట్టవలసిన పన్ను ఏమీ లేదని కాగితం వచ్చింది. "పీడా వదిలింది, సంతోషమేగా?" అంది మా ఆవిడ. సంతోషమేనన్నాను. కానీ ఆ కాగితం మడిచి పెడుతుంటే, ఎందుకో పదకొండణాలైనా కట్టమని ఉంటే బాగుండేదనిపించింది. తర్వాత మా ఆవిణ్ణి పిలిచి, గుమ్మం ముందు నలుగురికీ కనబడేలా ఒక కుర్చీ వెయ్యమన్నాను.