నూనె రాసిన బోల్టులు

మా మామయ్య చెయ్యి పడితే ఎంత మొండి బోల్టయినా బుద్ధిగా కూర్చుంటుందని మా బ్యాటరీ స్టేషనులో పేరు. అక్కడ కరెంటు నిలవ చేసే బ్యాటరీలను రెండు నిలువుల ఎత్తున్న ఇనుప అరల్లో పేరుస్తారు. ఆ అరలు పడిపోకుండా పట్టి ఉంచేవి బోల్టులే. బిగింపు సరిపోగానే మామయ్య చేతిలోని టార్కు పానా టక్కుమంటుంది. వెంటనే నట్టు మీంచి అర దాకా పసుపు గీత గీస్తాడు. గీత పక్కకి జరిగిందంటే నట్టు వదులైనట్టే. ఆయన గీత జరగగా ఎవరూ చూడలేదు. అందుకే అందరికీ ఆయన గీతల మామ. సొంత మేనకోడలిని కదా, నాకు కాస్త మిడిసిపాటు కూడా ఉండేది.

ఒక సోమవారం ఆరో వరసలో ఒక బోల్టు తల తెగి నేల మీద కనిపించింది. నట్టు మీది గీత వెంట్రుకవాసి కూడా జరగలేదు.

"సరుకే నాసిరకం. కొత్తది వేసెయ్యండి," అన్నాడు సూపర్‌వైజరు.

మామయ్య తెగిన ముక్కను వేళ్ళతో తడిమి చూశాడు. జిడ్డు తగిలింది. కొత్త బోల్టు వేసి గీత గీసేశాడు.

ఇరవై ఏళ్ళు లారీల షెడ్డులో పనిచేసిన మనిషి. అక్కడ నూనె రాయనిదే బోల్టు ఎక్కించరట. ఆరో వరసలో బోల్టులు బిగుతుగా ఉన్నాయని ఇక్కడా అదే చేశాడు. కానీ మా పానాకు పెట్టిన లెక్క పొడి బోల్టుకి. నూనె రాస్తే మర సులువుగా తిరుగుతుంది, పానా టక్కుమనేలోపు బోల్టు ఓర్వలేనంత సాగిపోతుంది. శిక్షణలో ఈ సంగతి చెప్పారు. ఈయన 'నాకా పాఠాలు!' అనుకుని వెనక బెంచీలో కునుకు తీశాడు. ఆ వరసలో మొత్తం నూట నలభై బోల్టులు. ఇంకో రెండు తెగితే అర వచ్చి వరసల మధ్య సందులో ఉన్నవాళ్ళ మీద పడుతుంది.

మంగళవారం ఆ సందులో వైర్లు చూసే వంతు ఆయన కూతురిది, అంటే మా వదినది. "అమ్మకి ఒంట్లో బాగాలేదు, సెలవు పెట్టు," అని ఆమెను ఇంట్లో ఉంచేశాడు. అత్తయ్య రెండుసార్లు తుమ్మింది, అంతే. సూపర్‌వైజరు వదిన బదులు నన్ను పంపాడు.

తొమ్మిదింటికి మామయ్య సందు మొదట్లోకి వచ్చి నన్ను చూశాడు. "నువ్వొచ్చావేంటి?" అన్నాడు.

"వదిన రాలేదుగా."

"తొందరగా కానిచ్చి వచ్చెయ్, కోడలు పిల్లా," అని వెళ్ళిపోయాడు. నేను కూనిరాగం తీస్తూ పని చేసుకున్నాను.

ఒంటిగంట దాటాక ఆయన సూపర్‌వైజరు ముందు నిలబడ్డాడు. "తప్పు సరుకుది కాదు సార్, నాది. నూనె రాశాను. ముందు మా కోడల్ని బయటికి పిలవండి."

వరస మూసేసి బోల్టులన్నీ తీయించారు. పందొమ్మిది బోల్టుల మెడలు సన్నబడ్డాయి. పానా తగలగానే ఇంకో మూడు తెగిపోయాయి. మామయ్య చేతిలోంచి పానా తీసేసుకున్నారు. అయినా తప్పు ఒప్పుకున్నాడని అందరూ మెచ్చుకున్నారు. నేనైతే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

మర్నాడు వదిన మొహం కందగడ్డ చేసుకుని వచ్చింది. "అమ్మకేం లేదు. నన్ను ఆపడానికే అబద్ధం ఆడాడు," అంది.

ఒళ్ళు మండి మామయ్య దగ్గరికి వెళ్ళాను.

"నిన్నక్కడ చూశాకే నాకు నోరు పెగిలిందమ్మా," అన్నాడు.

"చూసింది తొమ్మిదింటికి. చెప్పింది ఒంటిగంట దాటాక."

ఆయన తల దించుకున్నాడు. "మీ అమ్మకి చెప్పకు," అన్నాడు.

అమ్మకి ఈ తమ్ముడంటే ప్రాణం. చెప్పలేదు. ఆయనంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. కోపం మాత్రం పోలేదు.