సోల్వై పెట్టిన సంతకం

సోల్వై థోరప్ పిరికిది. ఇదేమీ చాటుగా చెప్పుకునే మాట కాదు. డెన్మార్క్‌లోని ఆమె ఊరు డ్రాగోర్‌లో మొహం మీదే అనేవారు, ఆమె కూడా అవునని నవ్వి ఊరుకునేది. కుక్క మొరిగితే వీధి మారిపోయేది. వేళకాని వేళ ఫోను మోగితే, తీసేలోపే చుట్టాల్లో నలుగురైదుగురిని మనసులో చంపి పాతిపెట్టేసేది. ఇలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, ఆకాశంలో ఎగరడం. ముప్ఫై ఏళ్లకు పైగా ఎయిర్‌హోస్టెస్‌గా పనిచేసింది. అదీ, ఒక్కో విమానానికి ఒక్కో వైకింగ్ వీరుడి పేరు పెట్టుకునే కంపెనీలో!

కోరి చేరిందా అంటే అదీ లేదు. తండ్రి ఓవె అదే కంపెనీ వంటశాలలో పనిచేశాడు. ఉత్తర ధ్రువం మీదుగా అమెరికా వెళ్లే తొలి విమానాలకు భోజనాలు కట్టి పంపిన చేతులు ఆయనవి. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది మూడు రాజ్యాలూ కలిసి పెట్టుకున్న కంపెనీ అది. ఎవరికి వాళ్లు విడివిడిగా విమానాలు నడుపుకుంటే చితికిపోతామని తెలిసి చేసిన ఏర్పాటు. ఏడు వాటాలు వేసుకుని స్వీడన్ మూడు, డెన్మార్క్ రెండు, నార్వే రెండు తీసుకున్నాయి. ఏ దేశం వాటాలోనైనా సగం ప్రభుత్వానిది, సగం ప్రైవేటు వాళ్లది. ఓవె ఇంట్లో పుట్టినరోజు కేకు కూడా ఏడు ముక్కలే కోసేవాడు. "ఈ మూడూ స్వీడన్ వాడివి. వాడెలాగూ రాలేదు, అవీ మనమే తినేద్దాం" అనేవాడు. విమానాశ్రయాన్ని ఆనుకుని బతికే డ్రాగోర్‌లో ఆ కంపెనీ ఒక వియ్యాలవారి ఇల్లు లాంటిది. మనం ఎంతైనా తిట్టుకోవచ్చు, బయటివాడు ఒక్క మాట అన్నాడో, కొట్లాటే. ఓవె కూతురు అందులో చేరకపోతే ఊరు ఏమనుకుంటుంది? ఊరు ఏమనుకుంటుందోనన్న భయం ఎగరడమంటే ఉన్న భయం కంటే పెద్దదై సోల్వై చేరిపోయింది.

ఆమె యూనియన్‌లో పెద్దదైన వైనం ఇంకా చిత్రం. ఒక ఏడాది వసంతంలో ఎయిర్‌హోస్టెస్‌ల యూనియన్ వార్షిక సమావేశం జరిగింది. అసలు ప్రతినిధిగా ఇంగర్‌ని మళ్లీ ఎన్నుకున్నారు. ఇంగర్‌కు అవసరమైతే బదులు కూర్చోవడానికి ఉపప్రతినిధి కావాలి. "ఎవరైనా ముందుకొస్తారా?" అని అధ్యక్షుడు అడగగానే అందరూ తమ బూట్ల వంక చూసుకోవడం మొదలుపెట్టారు. డెన్మార్క్‌లో ఇలాంటి క్షణంలో కుర్చీలోంచి లేవకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ నిశ్శబ్దం భరించలేక సోల్వై లేచి, కాఫీ ఫ్లాస్కులు నింపుకొస్తానని వంటగదిలోకి జారుకుంది.

"సోల్వై ఉందిగా!" అంది బోడిల్.

"ఆమె ఇక్కడ లేదు కదా?" అన్నాడు అధ్యక్షుడు.

"లేదు కనకే చెప్తున్నా. ఉంటే ఒప్పుకుని చస్తుందా?"

హాలంతా గొల్లున నవ్వింది. సోల్వై రెండు చేతుల్లో రెండు ఫ్లాస్కులతో తిరిగి వచ్చేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆమె ఆ చప్పట్లు కాఫీకనుకుని వంగి దండం కూడా పెట్టింది. సంగతి తెలిశాక మొహం పాలిపోయింది.

"అలా చూడకే బాబూ, మింగేస్తావా?" అంది బోడిల్. "ఇంగర్ గుర్రంలా ఉంటుంది. దానికి జలుబు కూడా రాదు. నువ్వు చేసేదేమీ ఉండదు."

బోడిల్ స్కోవ్ సోల్వైకి ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు. ఒకే ఏడాది చేరారు, పక్క పక్క సీట్లలో కూర్చుని లోకమంతా తిరిగారు. బోడిల్‌కు నోరెక్కువ, నడుం నొప్పి ఎక్కువ. వచ్చే మార్చిలో మానేయాలని నిర్ణయించుకుంది. అరవై నిండగానే పూర్తి పెన్షన్‌తో దిగిపోవచ్చన్నది పాత ఒప్పందం. ఎందుకంత తొందర అని అందరూ అడిగేవారు. అసలు కారణం సోల్వైకి ఒక్కదానికే తెలుసు. బోడిల్ భర్త వెర్నర్ మరుపులో పడ్డాడు. మొదట తాళాలు, తర్వాత దారులు, ఈమధ్య మనుషులు. కొన్నాళ్లయితే తననీ మర్చిపోతాడని, ఆ కొన్నాళ్లైనా ఇంట్లో ఉండాలని బోడిల్ ఆశ.

నవంబరు వచ్చేసరికి కంపెనీ పీకల మీదికి వచ్చింది. చవక టికెట్ల కంపెనీలు ప్రయాణికులను ఎగరేసుకుపోతున్నాయి, అప్పులిచ్చిన బ్యాంకులు మొహం చాటేస్తున్నాయి. మూడు దేశాల్లోని యూనియన్లన్నీ ఆదివారంలోగా కొత్త షరతులకు ఒప్పుకోవాలి, లేదంటే విమానాలు నేల మీదే ఉండిపోతాయి అని కంపెనీ తేల్చి చెప్పేసింది. కొత్త షరతుల్లో జీతాల కోత ఉంది, పని గంటల పెంపు ఉంది. అరవైకి దిగిపోయే వీలు కొట్టేశారు, ఇక అరవై అయిదు దాకా ఎగరాల్సిందే. సరిగ్గా ఆ వారమే గుర్రం లాంటి ఇంగర్ పిత్తాశయంలో రాళ్లతో ఆసుపత్రిలో పడింది. సోల్వైకి ఫోను వచ్చింది. ఈసారి మనసులో ఎవరినీ చంపుకోనవసరం లేకుండా, నిజంగానే పిడుగు పడింది.

ఆదివారం రాత్రికల్లా పైలట్లు సంతకం పెట్టేశారు, మెకానిక్కులు పెట్టేశారు, స్వీడన్ వాళ్లు పెట్టేశారు, నార్వే వాళ్లు తిట్టుకుంటూ పెట్టేశారు. సోమవారం మధ్యాహ్నానికి మిగిలింది డెన్మార్క్ ఎయిర్‌హోస్టెస్‌లు. అంటే సోల్వై. కాస్ట్రుప్ విమానాశ్రయంలో ఒక గది, గది నిండా కాఫీ వాసన, బల్లకు అటువైపు స్టాక్‌హోం నుంచి వచ్చిన డైరెక్టర్ టోర్కెల్, ఇటువైపు యూనియన్ లాయరు క్రెస్టెన్, అతని పక్కన ఈమె. కిటికీలోంచి విమానాలు కనిపిస్తున్నాయి. ఒక్కోటి లేచినప్పుడల్లా ఇదే ఆఖరిదేమోనని ఆమె చూపు తిప్పుకునేది. ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చోవాలని ఉంది, కుర్చీ మార్చుకుంటానని అడగడానికి కూడా భయమే.

టోర్కెల్ అరిచే మనిషైతే సోల్వైకి తేలిగ్గా ఉండేది. అతను మెల్లగా మాట్లాడతాడు.

"సోల్వై, నీ మీద ఒత్తిడి పెట్టాలని కాదు. కానీ నువ్వు ఒప్పుకోకపోతే ఈ సాయంత్రం మేం కోర్టుకు వెళ్లి దివాలా చెప్పుకోవడమే. మూడు దేశాల్లోనూ మనవాళ్లంతా రోడ్డున పడతారు."

"ప్రతిసారీ ఇదే పాటగా," అన్నాడు క్రెస్టెన్ కాగితాలు సర్దుకుంటూ.

"ఈసారి పాట కాదు."

క్రెస్టెన్ ఆమె చెవిలో గొణిగాడు: "నేను సలహా ఇవ్వగలను, సంతకం నీదే. ఇది బెదిరింపో నిజమో నేను తేల్చలేను."

 సోల్వై అయిదు నిమిషాలు అడిగి, కారిడార్‌లోకి వెళ్లి బోడిల్‌కు ఫోను చేసింది.

"ఏం చేయమంటావే?"

"పెట్టకు," అంది బోడిల్ వెంటనే. "వాళ్లు బెదిరిస్తున్నారు. ఇద్దరు రాజులు, ఒక రాణి, మూడు ప్రభుత్వాలు వెనకుండగా కంపెనీని చావనిస్తారా? మనల్ని చూసి నవ్వుకుంటున్నారు."

"నిజమైతేనో?"

 బోడిల్ గొంతు మారింది. "పొద్దున వెర్నర్ నాకు కుర్చీ జరిపి వేశాడే. చాలా మర్యాదగా, 'అమ్మగారు కాఫీ తీసుకుంటారా?' అన్నాడు. నేను ఎవరో తెలీలేదు వాడికి. తర్వాత మళ్లీ గుర్తొచ్చింది, ఏడ్చాడు. ఇంకో అయిదేళ్లు నేను ట్రాలీలు తోసుకుంటూ తిరిగి, ఇంటికొచ్చేసరికి ఏం మిగులుతుంది? నిన్ను నవ్వులాటకి అక్కడ కూర్చోబెట్టాను చూడు, నాకు బుద్ధి లేదు."

"బోడిల్..."

"నిజంగా నిజమైతే పెట్టు. నా మొహం చూసి ఆగకు. కానీ ఉత్త బెదిరింపుకి మాత్రం నా మొగుడ్ని అమ్మేయకు."

సోల్వై గదిలోకి తిరిగి వచ్చింది.  పెడితే బోడిల్ బతుకు పోతుంది, పెట్టకపోతే అందరి బతుకూ. ఆ అందరిలో బోడిల్ కూడా ఉంది. ఎటు చూసినా భయమే. నిజమో బెదిరింపో తెలిస్తే చాలు. అది ఏ కాగితంలోనూ రాసి లేదు.

అప్పుడు టోర్కెల్ కాఫీ కప్పు అందుకున్నాడు. అతని చెయ్యి వణుకుతోంది. కప్పు సాసరు మీద గలగలమంది. రెండో చెయ్యి ఆసరా పెట్టాడు, అదీ వణికింది. కాఫీ ఒలికి కాగితాల మీద పడింది. అతను గబగబా తుడుచుకుంటూ ఎవరూ చూడలేదు కదా అన్నట్టు తలెత్తాడు.

సోల్వై చూసింది. ముప్ఫై ఏళ్లుగా ఆమె చూస్తున్నది చేతులనే. సీటు అంచును బిగించి పట్టుకున్న చేతులు, బెల్టును పదేపదే తడుముకునే చేతులు, పేపరు తిరగేసి పట్టుకున్న చేతులు. ఎవరు ధైర్యం నటిస్తున్నారో ఎవరు నిజంగా హడలిపోయారో ఆమెకు నడవాలో నడుస్తూనే తెలిసిపోయేది. బెదిరించేవాడి చేతులు అలా ఉండవు. ఈ పెద్దమనిషి లోపల చచ్చిపోతున్నాడు. అంటే కోర్టు నిజం, దివాలా నిజం, అన్నీ నిజం.  ఆమె ఇక ఆలోచించలేదు. కలం తీసుకుని సంతకం పెట్టేసింది.

టోర్కెల్ కళ్లు మూసుకుని తెరిచి, "థాంక్స్, సోల్వై" అన్నాడు.

టోర్కెల్ బయటికి వెళ్లాక ఆమె కిటికీ దగ్గరే నిలబడి ఫోనులో బోడిల్‌కు చెప్పింది. "పెట్టేశానే. నిజమే. ఆ మనిషి వణికిపోతున్నాడు, కప్పు కూడా పట్టుకోలేకపోయాడు."

 "భయం గురించి నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?" అంది బోడిల్. "సరే. నువ్వు చూశావంటే నిజమే అయ్యుంటుంది." ఫోను పెట్టేసింది.

కారిడార్‌లో క్రెస్టెన్ కోటు వేసుకుంటున్నాడు. "పాపం టోర్కెల్, ఎంత భయపడిపోయాడో చూశావా ఆ చేతులు?" అంది సోల్వై.

"చేతులా?" క్రెస్టెన్ మఫ్లరు చుట్టుకున్నాడు. "అది పుట్టుకతో వచ్చిన వణుకు. వాళ్ల నాన్నకీ అంతేనట. స్టాక్‌హోంలో టోర్కెల్‌కి ఎప్పుడూ సగం కప్పే పోస్తారు. ఇక్కడి వాళ్లకి తెలీక నిండా పోశారు." గడియారం చూసుకుని, రేపు మాట్లాడదామని వెళ్లిపోయాడు.

సోల్వై గోడకు ఆనుకుని అక్కడే నిలబడిపోయింది.  టోర్కెల్ భయపడలేదని కాదు. భయపడి కూడా ఉండవచ్చు. కంపెనీ నిజంగానే పోయేదేమో. అంతా ఉత్తదేనేమో. ఆమె చూసిన సాక్ష్యం మాత్రం సాక్ష్యం కాదు. బోడిల్‌కు మళ్లీ ఫోను చేయాలని రెండుసార్లు నంబరు నొక్కి, రెండుసార్లూ ఆపేసింది. ఆ రోజు చెప్పలేకపోయింది, ఆ తర్వాత చెప్పడం రోజురోజుకూ ఇంకా కష్టమైపోయింది.

కంపెనీ బతికింది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది, సోల్వైని రొట్టెల దుకాణంలో ఆపి మరీ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా ఆమె చిల్లర కూడా తీసుకోకుండా బయటపడేది. అలా నిలబెట్టుకున్న ఇంటిని తర్వాత వియ్యంకులే ఒక్కొక్కరుగా ఖాళీ చేశారు. నార్వే తన వాటా అమ్మేసుకుంది. మరికొన్నేళ్లకు అప్పులు తీరే దారి లేక కొత్త యజమానులు వచ్చారు, స్వీడన్ కూడా తప్పుకుంది, ప్రజల చేతుల్లోని వాటాలు గాలికి పోయాయి. డెన్మార్క్ ఒక్కటే పరాయి డబ్బున్న వాళ్ల పక్కన కుర్చీ వేసుకుని మిగిలింది. ఓవె ఉంటే కేకును ఎన్ని ముక్కలు కోసేవాడో! కానీ ఇదంతా తర్వాతి సంగతి.

బోడిల్ మార్చిలో మానలేకపోయింది. సోల్వైతో పోట్లాడనూ లేదు. పోట్లాడితే బాగుండేది. పలకరించేది, వాతావరణం గురించి మాట్లాడేది, ఇంటికి మాత్రం రమ్మనడం మానేసింది. రెండో చలికాలంలో వెర్నర్ చనిపోయాడు. ఆ ఉదయం బోడిల్ ఓస్లోలో ఉంది, మంచు కురిసి రన్‌వే మూసేశారు. ఆమె వచ్చేసరికి పొరుగింటావిడ వెర్నర్ కళ్లు మూసేసి ఉంది.

అంత్యక్రియలకు వెళ్లాలంటే సోల్వైకి ప్రాణం మీదికి వచ్చింది. వెళ్లకపోతే ఇంకా భయం. డ్రాగోర్ చర్చి గుమ్మంలో బోడిల్ నల్లకోటు వేసుకుని, వచ్చినవాళ్లందరి చేతులూ కలుపుతోంది. సోల్వై వంతు వచ్చింది. బోడిల్ ఆమె చేతిని వదల్లేదు.

"ఒక్కటి అడుగుతానే. ఆ రోజు ఆ మనిషి నిజంగానే భయపడ్డాడా?"

వెనక వరసలో జనం ఆగారు.  తెలియదే, ఈనాటికీ నాకు తెలియదే, అన్న మాట సోల్వై నాలుక చివరిదాకా వచ్చింది. బోడిల్ కళ్లలోకి చూసింది. ఆ కళ్లకు ఒకే ఒక్క జవాబు కావాలి.

"నిజంగానేనే."

"ఒట్టు?"

"ఒట్టు. కంపెనీ ఆ సాయంత్రమే పోయేది. నా బదులు నువ్వున్నా పెట్టేదానివి."

బోడిల్ తల ఊపింది. "అయితే సరే. నేనూ అదే అనుకుంటున్నాను," అని, తర్వాతి మనిషి వైపు చెయ్యి చాచింది.

సోల్వై మెట్లు దిగి వానలోకి నడిచింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు ఒక్కసారి కూడా వణకలేదు.