జేబు కుడివైపు పడ్డ ఫొటో

2004వ సంవత్సరం. గద్వాలలో కలర్ ల్యాబ్ వచ్చి గంటలో ఫొటోలు చేతిలో పెడుతున్న రోజులు. నేను మాత్రం నా స్టూడియో వెనకున్న డార్క్‌రూమ్‌కు ఇంకా తాళం వేయలేదు. పని లేకపోయినా పోయి అందులో కూర్చునేవాణ్ని. ఫొటో చెరిగిపోకుండా నిలిపే హైపో మందు వాసన తగలనిదే నాకు టీ కూడా రుచించదని మా ఆవిడ ఎగతాళి చేసేది.

ఒకరోజు పొద్దున వడ్డేపల్లి దిక్కు నుంచి సవారమ్మ అనే రైతు ఇంటి ఆమె, తన కొడుకు రాములుతో వచ్చింది. అతనికి ముప్పై ఏళ్లుంటాయి. సంచిలోంచి తన కలర్ ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు.

"సాబ్, దీన్ని పాతకాలం ఫొటో లెక్క చెయ్యాలె. మా నాయిన ఫొటో గావాలె."

"ఇది నీ ఫొటో కదా?"

"ఆయనది ఒక్కటి గూడ లేదు సాబ్. నాకు నాలుగేండ్లున్నప్పుడు పాము కర్సి పాయె. నేను అచ్చం ఆయన లెక్కనే ఉంటనని ఊరంత అంటరు."

నాకిది దొంగపనిలా తోచింది. కుదరదని చెప్పబోతుంటే సవారమ్మ ముందుకొచ్చింది.

"బిడ్డా, ఇన్నొద్దులు కండ్లు మూస్తే కనవడుతుండె. యాడాది సంది మొకం ఒస్తలేదు. నడక యాదికున్నది, చేతులు యాదికున్నయి, మొకమే పోయింది. పెత్రమాసకు పెద్దలకు బియ్యమిస్తుంటే ఎవలికిస్తున్ననో నాకే తెలుస్తలేదు."

కూర్చోమన్నాను.

కలర్ ఫొటోకు రంగు తీసేస్తే పాతదైపోదు. అందుకే నాకు పని నేర్పిన మా ఉస్తాద్ వదిలిపోయిన, మడతల తోలుతిత్తి ఉన్న పాత కెమెరా దుమ్ము దులిపాను. దాని లెన్సుకు బూజు పట్టి, వెలుగు కొంచెం మసగ్గా దిగేది. రాములుకు గద్వాలలోనే ఉన్న వాళ్ల చిన్నాయన ఇంటి నుంచి తెప్పించిన పాత తెల్లంగీ తొడిగించి, వాచీ తీయించి, కిటికీ పక్కన నిలబెట్టాను. ఫిల్మ్ కడిగేటప్పుడు డెవలపర్‌ను, అంటే దాగిన బొమ్మను పైకి తెచ్చే మందును, మామూలు కంటే పలచగా కలిపాను. ఫిల్మ్ ఉన్న డబ్బాను తక్కువ ఊపాను. అలా చేస్తే నలుపు తెలుపులు ఒకదానితో ఒకటి పోట్లాడవు, ముఖం మెత్తగా వస్తుంది. ప్రింట్‌ను చివర టీ డికాక్షన్‌లో నానబెడితే తెల్లకాగితం గోధుమరంగుకు తిరిగింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది గానీ, ఎవరు చూసినా ముప్పై ఏళ్ల కిందటి ఫొటో అనే అంటారు. గర్వంగా తెచ్చి ఆమె చేతికిచ్చాను.

ఆమె చాలాసేపు చూసింది. "మంచిగున్నది బిడ్డా. కానీ వీడు నా కొడుకే," అంది.

"ఏం తక్కువైంది అమ్మా?"

"తెల్వదు. ఏందో తక్కువున్నది."

నా గర్వమంతా గాలి తీసిన ట్యూబైంది. ఇంకొంచెం ముదురుగా తీసి చూస్తానని లేచాను. "ఎట్ల తీస్తవో జర నన్ను గూడ చూడనియ్యి," అని ఆమె వెంట వచ్చింది. రాములు బయట పరదా దగ్గర నిలబడ్డాడు.

చిరాకులో ఉన్నాను. నెగెటివ్‌ను, బొమ్మను పెద్దది చేసే ఎన్‌లార్జర్‌లో గబగబా పెట్టి కాగితం మీదికి వెలుగు వదిలాను. ఎర్రబల్బు కింద తెల్లకాగితాన్ని డెవలపర్ ట్రేలో ముంచాను. మొదట ఏమీ లేదు. తర్వాత వెంట్రుకలు, కళ్లు, మీసం, అంగీ ఒక్కొక్కటే నీళ్ల అడుగు నుంచి తేలినట్టు వచ్చాయి. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా ఆ క్షణంలో నేను కళ్లు తిప్పుకోలేను.

సవారమ్మ ట్రే మీదికి వంగింది.

"తిమ్మప్పా," అంది.

పరదా అవతల రాములు కదిలిన చప్పుడైంది. "సాబ్, అది మా నాయిన పేరు," అన్నాడు. "మా అమ్మ ఆ పేరు తియ్యంగ నేనెప్పుడు ఇనలే."

మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలకరు. రేషన్ కార్డు రాసేటప్పుడు కూడా పక్కవాళ్ల చేత చెప్పిస్తారు.

ఫొటోను హైపోలో ముంచి, కడిగి, పెద్ద లైటు వేశాక గానీ నా తప్పు నాకు కనబడలేదు. ఎడమ రొమ్ము మీద ఉండాల్సిన అంగీ జేబు కుడి రొమ్ము మీద ఉంది. నెగెటివ్ తిరగేసి పెట్టాను! ఏ స్టూడియోలోనైనా అలాంటి ప్రింట్‌ను చింపి పారేస్తారు. నేనూ ఎన్నో చింపాను.

"అమ్మా, తప్పయింది. బొమ్మ తిరగబడ్డది. మళ్లీ తీస్త," అని చెయ్యి చాపాను.

ఆమె తడి ఫొటోను వెనక్కి లాక్కుంది.

"నొసటి మీద సుడి సూడు. ఆయనకు ఎడమ దిక్కుంటుండె, వీనికి కుడి దిక్కు. ఇప్పుడు యాదికొచ్చింది. నువ్వు చింపితే మల్ల యాడ దేవులాడాలె?"

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. పాత లెన్సు, పలచటి డెవలపర్, టీ డికాక్షన్, నా ఇరవై ఏళ్ల అనుభవం చేయలేనిది నా పొరపాటు చేసింది. దాన్ని నాకంటే ముందు ఆమె చూసింది. అప్పటి నుంచి ఏ ఫొటో అయినా బాగుందో లేదో నేను ముందు చెప్పను. ఇంటివాళ్ల చేతిలో పెట్టి, నోరు మూసుకుని వాళ్ల ముఖం చూస్తాను.