సంచిలో రెండో చొక్కా

కండక్టరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇరవై ఆరేళ్లుగా సిటీ బస్సులో నిలబడి, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను లోపలికి లాగి, లోపల గుమ్మానికి అడ్డం నిలబడేవాళ్లతో వాదించి వాదించి గొంతు రాటుదేలిన మనిషి. ఆవిడ "జరగండి" అంటే డ్రైవరు కూడా సీట్లో కాస్త జరిగి కూర్చుంటాడని డిపోలో చెప్పుకుని నవ్వుతారు. అలాంటి మనిషి మొన్న చెవి దగ్గర ఫోను పెట్టుకుని నోట మాట రాక నిలబడిపోయింది.

ఫోను చేసింది మరిది. కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఆదివారం చుట్టాలందరికీ అక్కడే భోజనాలు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. పిలవడానికే చేశాడు, పిలిచాడు కూడా. కానీ పిలిచింది ఆవిణ్ణి ఒక్కదాన్నే. ఆ తరవాత గొంతు తగ్గించాడు.

"అన్నయ్యని ఎందుకు వదినా శ్రమ పెట్టడం? నలుగురిలో ఇబ్బంది పడతాడు. క్యారేజీ కట్టించి ఒంటిగంటకల్లా నేనే తెచ్చిస్తాను."

సొంత తమ్ముడు. తండ్రి పోయాక నిచ్చెన మీద నిలబడి బోర్డులు రాసి తనను చదివించిన అన్న గురించి అన్న మాట ఇది. ఆవిడకు తల తీసి మొలేసినట్టయింది. అంతకన్నా బాధేమిటంటే, పక్కనే మంచం మీద కూర్చున్న ఆయన ఫోనులో మాటంతా విని, "సరే అని చెప్పు" అన్నాడు మెల్లగా. అప్పటిదాకా కోపమే వచ్చింది ఆవిడకు, ఆ మాటతో ఏడుపొచ్చింది.

ఆయన పెయింటరు. గోడలకు రంగులేసే పెయింటరు కాదు, బోర్డులు రాసే పెయింటరు. మందుల షాపులు, బట్టల కొట్లు, స్కూళ్లు, ఊళ్లో సగం గుమ్మాల మీద ఆయన అక్షరాలే ఉండేవి. స్కేలు పెట్టకుండా ఈ చివర నుంచి ఆ చివరకు గీత లాగేవాడు. రెండేళ్ల కిందట చేతులు వణకడం మొదలైంది. డాక్టరు జబ్బుకేదో పేరు చెప్పి, మాత్రలు రాసి, ఇది తగ్గేది కాదు, ముదరకుండా చూసుకోవడమే అన్నాడు. ముందు కుంచె పోయింది. ఆ తరవాత ఒక పెళ్లిభోజనంలో పప్పు ఎగిరి పక్కనున్న మరదలి పట్టుచీర మీద పడింది. ఆ మరదలు, అదే కండక్టరమ్మ తోడికోడలు, ఒక్క మాటా అనలేదు. లేచి వెళ్లి వేరేచోట కూర్చుంది. అంతే. ఆ రోజు నుంచి ఆయన పరాయి కంట పడేలా మెతుకు ముట్టలేదు. ఇంటికి ఎవరైనా వస్తే కంచం పట్టుకుని వెనక గదిలోకి పోయి తలుపు వేసుకుంటాడు. బయట టీ చుక్క తాగడు.

ఆదివారం ఎనిమిది కొట్టేసరికి ఆవిడ తలుపుకు తాళం వేసింది. ఊరు చూసొద్దాం పదమంది. ఏ ఊరని అడిగాడాయన. ఈ ఊరే అంది. మ్యూజియం, మ్యూజియం, గడియారస్తంభం, గడియారస్తంభం అని ఇరవై ఆరేళ్లుగా గొంతు చించుకోవడమే తప్ప ఒక్కచోట దిగి చూసిన పాపాన పోలేదంది. మరి తమ్ముడు క్యారేజీ తెస్తాడుగా అన్నాడాయన.

"తాళంకప్పకి తినిపించి పోతాడులెండి" అంది.

సంచిలో మంచినీళ్లు, మాత్రలు, గొడుగు పెట్టుకుంది. అన్నిటికన్నా అడుగున, ఆయన చూడకుండా, ఇస్త్రీ చొక్కా ఒకటి మడిచి పెట్టింది.

బస్సులో కిటికీ పక్కన బుద్ధిగా కూర్చుంది. కూర్చుందే గానీ, మలుపు తిరగ్గానే అలవాటు కొద్దీ "మ్యూజియం, మ్యూజియం" అని ఒక్క కేక పెట్టింది. బస్సంతా తలతిప్పి చూసింది. డ్యూటీలో ఉన్న కండక్టరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. పెయింటరు కిటికీ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో ఆవిడకు గుర్తు లేదు.

మ్యూజియంలో అందరూ కిరీటాలూ కత్తులూ చూస్తుంటే ఆయన ఒక రాతి శాసనం దగ్గర ఆగిపోయాడు. ఎంతకీ కదలడు. చివరి వరసకు రాయి చాలక అక్షరాలు ఇరికించేశాడనీ, చెక్కే ముందే కొలుచుకోవద్దా అనీ వెయ్యేళ్ల కిందట పోయిన మనిషి మీద విసుక్కున్నాడు. అక్కడ కాపలా ఉన్న ఆవిడ విని, మీరు ప్రొఫెసరా అని అడిగింది. బోర్డులు రాసేవాణ్ణి అని చెప్పి ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

గడియారస్తంభం ఎక్కారు. మెట్టుకో నిమిషం పట్టింది, వెనక వస్తున్న జనం ఆగాల్సి వచ్చింది. "ముందు మనిషి ఎక్కుతున్నాడు, కనబడటం లేదా" అని ఆవిడ బస్సు గొంతు తీస్తే ఎవరూ కిక్కురుమనలేదు. పైనుంచి ఆయన తన బోర్డులు వెతికాడు. చాలా చోట్ల ప్లాస్టిక్ బోర్డులొచ్చేశాయి. అయినా ఏడు దొరికాయి. ఎనిమిదోది కూడా తనదేనని ఆయన, కాదని ఆవిడ, దిగేదాకా పోట్లాడుకున్నారు.

కిందికి దిగి నది ఒడ్డున బల్ల మీద కూర్చున్నాక ఆవిడ రెండు టీలు తెచ్చింది. పక్క బల్ల మీద మనుషులున్నారు. ఆయన కప్పు వైపు చూశాడు, వాళ్ల వైపు చూశాడు, తరవాత నది వైపు తిరిగాడు. టీ పొగలు ఆగిపోయాయి. ఆవిడ తనది తాగి, ఆయనది కూడా తాగేసింది. ఒక్క మాటా అనలేదు. అనకుండా ఉండటం ఆవిడకు ఎంత కష్టమో ఆయనకు తెలుసు.

సరిగ్గా ఒంటిగంటకు ఫోను మోగింది. ఇంటికి తాళం వేసి ఉంది వదినా అన్నాడు మరిది. తెలుసు, వేసింది నేనే అంది. మరి అన్నయ్య భోజనం అని నీళ్లు నమిలాడు.

"మీ అన్నయ్య హోటల్లో తింటాడు. నలుగురి మధ్య కూర్చుని తింటాడు" అని ఫోను పెట్టేసింది.

అనేసింది సరే. ఇవాళ గనక ఆయన తినకపోతే, ఇక ఈ జన్మకు ఆ వెనక గది తలుపు తెరుచుకోదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

పెద్దరోడ్డు మీద పాత హోటలు. గుమ్మం మీద ఎర్ర అక్షరాలు, పసుపు నీడ. ఆ బోర్డు ఇరవై ఏళ్ల కిందట ఆయన రాసిందే. ఆదివారం కాబట్టి లోపల కిటకిటలాడుతోంది. హాలు నడిమధ్యన ఒక్క బల్ల ఖాళీగా ఉంటే ఆవిడ వెళ్లి కూర్చుంది. ఆయన కూర్చుని చేతులు బల్ల కిందకు దించుకున్నాడు. దాహమేసి గ్లాసు అందుకోబోతే అది కాస్తా దొర్లి నీళ్లు బల్లంతా పారాయి. చుట్టుపక్కలవాళ్లు గుడ్లప్పగించి చూశారు.

నల్లకోటు వేసుకున్న సూపర్‌వైజరు వచ్చాడు. ఎంతో మర్యాదగా వంగి, లోపల ఫ్యామిలీ రూము ఉందనీ, కర్టెన్లు కూడా ఉంటాయనీ, సారుకు అక్కడైతే సౌకర్యంగా ఉంటుందనీ అన్నాడు. అచ్చం మరిది గొంతే. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడింది.

"బయట ఆ బోర్డు ఎవరు రాశారో..."

ఆయన చేయి వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఆ వణుకు ఆవిడ గాజులకు తగిలి చప్పుడైంది.

"అది చెప్పకు" అన్నాడు. తరవాత సూపర్‌వైజరు కళ్లలోకి చూశాడు. "బోర్డు సంగతి వదిలెయ్యండి. మాకు ఆకలేసింది, తినడానికొచ్చాం. నాకు చేతులు వణుకుతాయి. ఇక్కడే తింటాను. కాస్త లోతుగా ఉన్న గిన్నెలో సూపు తెప్పించండి."

సూపు! ఇన్ని ఉండగా సూపెందుకండీ అని ఆవిడ గొణిగింది. తాగి రెండేళ్లయింది, నాకదే కావాలన్నాడాయన. సూపర్‌వైజరు వెళ్లిపోయాడు.

సూపొచ్చింది, ఆవిడకు భోజనమొచ్చింది. చెంచా గిన్నె అంచుకు టకటకా కొట్టుకుంటూ ఉంటే ఆ చప్పుడు హాలంతా వినిపించింది. సగం నోట్లోకి, సగం చొక్కా మీదికి. ఆవిడ వెనక్కి తిరిగి, చూస్తున్నవాళ్లందరినీ ఒక్కొక్కరిగా చూడటం మొదలుపెట్టింది. "వాళ్లనొదిలెయ్, నువ్వు తిను" అన్నాడాయన. ఆవిడ తినడానికి తల వంచుకుంటే కన్నీళ్లు కంచంలో పడ్డాయి. ఆయన చెంచా పక్కన పెట్టి, గిన్నె రెండు చేతులా పట్టుకుని, గడ్డం మీదుగా కారుతున్నా ఆగకుండా చివరి చుక్క దాకా తాగాడు. ఆ తరవాత అన్నం, కూర. గంట పట్టింది. అరగంట గడిచేసరికి హాల్లో ఎవరి తిండి గొడవలో వాళ్లు పడిపోయారు.

చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆయన చొక్కా జేబు దగ్గర్నుంచి పొట్ట దాకా ఎరుపూ పసుపూ మరకలు. ఆవిడ సంచి అడుగు నుంచి ఇస్త్రీ చొక్కా తీసింది. ఆయన దాన్ని చూశాడు.

"పొద్దున్నే పెట్టావా?"

ఆవిడకు మొహం చెల్లలేదు. మరిదినీ సూపర్‌వైజరునూ మనసులో తిట్టుకున్న మనిషే పొద్దున ఈ చొక్కా మడిచింది.

"పెట్టాను. పడేసుకుంటారని పెట్టాను" అంది.

"పడేసుకున్నాను కదా" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. "లోపల పెట్టెయ్."

బయటికొచ్చాక తలెత్తి బోర్డు చూసి, మూడో అక్షరం తలకట్టు కాస్త ఎత్తయిందని పెదవి విరిచాడు. తరవాత, తమ్ముడి కొత్తింటికి ఏ బస్సెక్కాలని అడిగాడు. ఆవిడ ఉలిక్కిపడింది. అక్కడికి ఇప్పుడెందుకంది. సాయంత్రం దాకా భోజనాలున్నాయన్నారుగా అన్నాడు.

"ఈ చొక్కాతోనా?"

"ఈ చొక్కాతోనే. వెళ్లి స్వీటు తింటాను. మరదలి పక్కనే కూర్చుని తింటాను."

బస్సు మలుపు తిరిగింది. కండక్టరమ్మ చేతిలో ఉన్న ఇస్త్రీ చొక్కా సంచిలోకి తోసి, రోడ్డు మీదికొచ్చి చేయెత్తింది.