మిర్చి అర్రకు వేసిన తాళం

“తాళం తియ్యవే! లోపల దగ్గుతాంది, ఇనవడ్తలేదా?”

“దగ్గనియ్యి అత్తమ్మా. బెల్లం ఎత్తుకునేటప్పుడు లేని దగ్గు ఇప్పుడెక్కడికెల్లి వచ్చింది?”

“దానికి దమ్ము రోగం ఉన్నది. ఊరంత ఎరుకే.”

“అది దొంగని మాత్రం ఎవరికీ ఎరుక లేకపాయె. పటేలు రానీ, ఆయన చేతుల పెడ్త. అందాంక తియ్య.”

“గింతంత బెల్లానికి పంచాయితీ పెడ్తవా? నీ అసుంటి పిసినారిని నేనెక్కడ చూడలే.”

“నేను పిసినారినైతేనే నీ కొడుకు దుకాణం నిలవడ్డది.”

అత్తా నేనూ ఇంటి వెనక అర్ర ముందు నిలబడి ఇట్లా అరుచుకున్నాం. అరవై తొమ్మిది నాటి తెలంగాణ ఉద్యమం చల్లబడిన మూడు నాలుగేళ్లకు, నడి ఎండాకాలంలో జరిగిన సంగతి ఇది. కేసముద్రం దగ్గర పల్లెలో మాకు కిరాణా దుకాణం ఉండేది. రైతుల దగ్గర మిర్చి కొని, ధర వచ్చేదాకా బస్తాలు ఆ అర్రలో పెట్టేవాళ్లం. దానికి ఒకటే తలుపు. కిటికీ లేదు.

లోపల ఉన్నది ఊరి చివర ఉండే కూలి మనిషి. మా ఆయన మిర్చి బండితో కేసముద్రం పోయాడు గనుక ఆ రోజు దుకాణంలో నేనే కూర్చున్నాను. ఆమె కిలో ఉప్పు కొన్నది. అంతకుముందు ఏది కొన్నా గుప్పెడు పుట్నాలో, బెల్లం ముక్కో కొసరు పెట్టేవాళ్లం. ఆ ఏడు వానలు లేవని ఆ అలవాటు నేనే మాన్పించాను. ఉప్పు పొట్లం కట్టడానికి అటు తిరిగేసరికి ఆమె కోడిగుడ్డంత బెల్లం కొంగులో ముడేసుకుంది. చెయ్యి పట్టుకున్నాను.

“కొసరే గదమ్మా తీసుకున్న,” అంది.

“కొసరు నేను ఇయ్యాల్నా, నువ్వు తీసుకోవాల్నా?” అన్నాను.

ఊళ్లో నేరాలు, చావులు చూసే పోలీసు పటేలు మానుకోట పోయాడు, సాయంత్రానికి వస్తాడన్నారు. అప్పటిదాకా ఆమెను ఎక్కడ ఉంచాలి? ఇంట్లో తాళం పడే అర్ర అదొక్కటే. దొంగను పట్టి పటేలుకు అప్పజెప్పడం న్యాయమే అనుకున్నాను. ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు కదా అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. మిర్చి ఘాటు సంగతి నాకు తట్టనే లేదు. మేము ఎప్పుడు పోయినా ముక్కుకు కొంగు చుట్టుకుని పోయి, బస్తా లాక్కుని వెంటనే బయటపడేవాళ్లం. పెంకులు కాలుతున్న వేళ, తలుపు మూసుకుని అందులో కూర్చున్నవాళ్లెవరూ మా ఇంట్లో లేరు.

అత్త నా నడుముకున్న తాళాల గుత్తి మీద చెయ్యి వేసింది. తోసేశాను. ఆ ముసలి ప్రాణం గోడకు కొట్టుకుని కూలబడింది. అంతలో దగ్గు ఆగిపోయింది.

“చూసినవా? నాటకం అయిపోయింది,” అన్నాను.

“జర చూడవే బిడ్డా, నీ కాళ్లు మొక్కుత,” అంది అత్త.

అత్త కోడలి కాళ్లు మొక్కుతాననేసరికి నాకు భయమేసింది. తలుపు తీశాను. గడప దగ్గరే బోర్లా పడి ఉంది. తలుపు కింద సందుకు మూతి ఆనించి ఉంది. కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి, పెదవులు నల్లబడ్డాయి. అత్త ఆమె ముఖాన నీళ్లు కొడితే సన్నగా ఊపిరి ఆడింది. కబురందుకుని ఆమె మొగుడు ఉరికొచ్చాడు. ఆమెను భుజాన వేసుకుని పోబోతుంటే ఆపి, పటేలుకు చూపెట్టాలని కొంగు ముడి విప్పి బెల్లం తీసుకున్నాను.

పటేలు ఆ సాయంత్రం రాలేదు.

తెల్లారకముందే ఆమె చనిపోయింది. పొద్దున మొదటి బస్సుకు దిగిన పటేలు నేరుగా మా అరుగు మీదికి వచ్చాడు. అప్పటికి మా ఆయన తిరిగొచ్చాడు.

“మావోళ్లు చెయ్యి గూడ ఎయ్యలే పటేలా,” అన్నాడు.

“పట్టుకున్నోళ్లు గిక్కడ కూసోబెట్టాలె, నాకు కబురు పెట్టాలె. అర్రల ఏసి తాళం పెట్టుమని ఎవడు చెప్పిండు మీకు?”

అంత గట్టిగా అడిగినవాడే మా ఇంటి చాయ్ తాగి, దమ్ము రోగంతో చనిపోయిందని కాగితం రాశాడు. రెండో తరగతి దాకా చదివినదాన్ని, కూడబలుక్కుని చదివాను. తాళం సంగతి అందులో లేదు. ఆమె మొగుడిని పిలిపించారు. కాగితం కింద వేలిముద్ర వేసి, కట్టెలు తేవడానికి పోయాడు.